బడి విడిచిన పంతుళ్ల సంఘము

మన తెలుగుసీమలో పూర్వము తాలూకా కేంద్రములుగా నుండిన పట్టణములలో ననేకములందు, ఖజానా కార్యాలయమునకు దాపున నొక గది గానవచ్చును. గోడమీద సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పటము, దానిప్రక్క సావిత్రీబాయి ఫూలే పటము, క్రింద నొక బల్ల, బల్లమీద హాజరుపట్టీ. అది ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుల సంఘమునకు నెలవు. ఆ గది యద్దెది గావచ్చును, దాత యెవరో యిచ్చినది గావచ్చును, పింఛనుదారులందఱును గలిసి కట్టుకొన్న భవనములో నొక మూలయైనను గావచ్చును. నెల కొకమాఱు ముప్పదిమందియో నలువదిమందియో అచ్చట జేరుదురు. 'ఆయన సభకు వెళ్లినారు' అని యింటివారు చెప్పి యూరకుందురు. సభలో నేమి జరిగినదని యడుగు ఇల్లాండ్రు తక్కువ. అది మగవారి పొద్దుపుచ్చని మనలో ననేకుల తలంపు. అచ్చట చర్చింపబడు విషయములలో సగమునకు పైగా స్త్రీలకు సంబంధించినవే యని కన్నులార చూచిన పిమ్మట మే మీ వ్యాసము వ్రాయ బూనితిమి.

గోదావరి కాలువల నడుమ నున్న యొక పట్టణమున ఇటీవల నట్టి మాసిక సభకు మేము పోయితిమి. సభ్యులు తమ పేళ్లు పత్రిక కెక్కుట కిష్టపడలేదు గావున ఊరిపేరు సైతము వ్రాయకున్నాము. సభ పదిగంటలకని ప్రకటించియుండిరి. మనదేశమున పదిగంటల సభ పదునొకండు గంటలకు మొదలగుట వాడుక. వీరన్ననో ముప్పదియైదేండ్లు గంటకు లోబడి బ్రతికినవారు. పదికి అయిదు నిమిషములున్న దనగనే కుర్చీలు నిండెను. హాజరు పిలువగా నొక వృద్ధుడు 'ప్రెజెంటు సార్' అని చిన్నపిల్లవానివలె పలికెను, అందఱును నవ్విరి. నెలనెలయు ఆయన అట్లే పలుకునట, నెలనెలయు వారట్లే నవ్వుదురట.

గడచిన సభ తీర్మానములను కార్యదర్శి చదువుచుండగా తెలుగు పండితుడొకడు నడుమ లేచి ఒక మాటలో వత్తు తప్పినదని దిద్దించెను. జమాఖర్చుల పుస్తకము లెక్కల మాస్టరుగారి చేతిలో నుండెను. ఇరువది రూపాయల ఖర్చునకు రసీదు కానరాలేదు. ఆ రసీదును గూర్చిన విచారణ పావుగంట నడచెను. తుద కది కోశాధికారి కళ్లజోటి పెట్టెలో దొరకెను. కోట్లకొలది ధనము లెక్కలేక పోవు కాలమున, ఇరువది రూపాయల కింత పట్టుదల చూచి మాకు నవ్వును వచ్చినది, గౌరవమును గలిగినది. తేనీరు రెండు పాత్రలలో వచ్చెను. ఒకటి చక్కెర గలది, రెండవది లేనిది. చక్కెర లేని పాత్రయే ముందుగా ఖాళీ యయ్యెను.

ఇవి పైపై ముచ్చటలు. సభలో మొదటి కార్యక్రమము వేఱు. ఆ నెలలో గతించిన సభ్యుల పేళ్లు చదివి అందఱును లేచి రెండు నిమిషములు మౌనము వహింతురు. మేము పోయిననాడు రెండు పేళ్లు చదువబడెను. కూర్చున్న వెంటనే కార్యదర్శి యడిగిన మాట యిది: 'ఆ యిండ్లలో అమ్మగారల కాగితములు ఎవరు చూచుచున్నారు?' ఇద్దఱు చేతులెత్తిరి. ఒకరు పదునొకండవ దినము కాగానే పోయి వచ్చిరట; మఱియొకరు రేపు పోవుదుమనిరి. సభలో మిగిలిన విషయములను మఱచినను ఈ ప్రశ్నను మేము మఱవజాలము.

ఉపాధ్యాయుడు పింఛను పొందుచు గతించినచో ఆయన భార్యకు కుటుంబ పింఛను లభించును. తొలుత కొన్నియేండ్లు హెచ్చుగాను, తరువాత కడపటి మూలవేతనములో నూటికి 30 వంతుల చొప్పునను ఇత్తురు. దానిపై కరువు భృతి వేఱుగ చేరును. ఇది యామె హక్కు. కాని హక్కు కాగితముల తోవన రావలెను. భర్త మరణపత్రము, పింఛను చెల్లింపు ఉత్తరువు (దీనినే పి.పి.ఓ. అందురు), ఇద్దఱును గూర్చుండి తీయించుకొన్న ఛాయాచిత్రము, ఆమె గుర్తింపు కాగితములు, బ్యాంకు పుస్తకము, ఇవన్నియు ఒక్క పేరుతో నొక్క తేదీతో నుండవలెను. ఉండవు. అక్కడ మొదలగును చిక్కు.

సంఘము వారు చెప్పిన యొక సంగతి వ్రాయుదుము. ఒక ప్రధానోపాధ్యాయుని సర్వీసు రిజిస్టరులో భార్యపేరు పుట్టింటివారు పిలుచుకొను పొట్టిపేరుగా నుండెను. పెండ్లియైన క్రొత్తలో వ్రాయించినది. ఆధారు కార్డులో నామకరణమునాటి పూర్తిపేరు. బ్యాంకులో ఇంటిపేరుతో మూడవ విధము. భర్త జీవించియుండగా ఈ మువ్వురును ఒక్కరే యని సంతకము చేయుటకు పది నిమిషములు చాలును. ఆయన పోయిన పిమ్మట ఆమె ఆఱు నెలలు తిరిగినది. ఆ ఆఱు నెలలును ఇల్లు గడచుటకు చేతిగాజులు తాకట్టుకు పోయెను. తోడుగ తిరిగినవాడు ఒకప్పుడు ఆ ప్రధానోపాధ్యాయునితో మాటలు లేని డ్రిల్లు మాస్టరట. బదిలీల విషయమున నెన్నడో కలిగిన వైరము. 'ఆయనతో తగవు ఆయనతోనే పోయినది' అని ఆ డ్రిల్లు మాస్టరు మాతో ననెను.

ఇంకొక సూక్ష్మము గలదు. వయస్సు పెరిగినకొలది పింఛనుకు అదనపు మొత్తము చేర్చు నియమము గలదు. కేంద్ర ప్రభుత్వమువారు ఎనుబది నిండినవారికి నూటికి 20 వంతులు, ఎనుబదియైదు నిండిన 30, తొంబదికి 40, తొంబదియైదుకు 50, నూఱేండ్లు నిండినవారికి మఱియొక పూర్తి పింఛనును చేర్తురు. మన రెండు రాష్ట్రములలోను ఇది డెబ్బదవ యేటినుండియే మొదలగును. 2022 లో ఆంధ్రప్రదేశమున వేతన సవరణ సందర్భమున డెబ్బదికిని ఎనుబదికిని నడుమనున్నవారికి దీనిని తొలుత తీసివేసిరి. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, పింఛనుదారులు ఫిబ్రవరి 3 న విజయవాడలో చేరి అలజడి చేసిన పిమ్మట, డెబ్బది నిండినవారికి నూటికి 7, డెబ్బదియైదు నిండినవారికి 12 వంతులుగా తగ్గించి నిలిపిరి. ఈ యదనపు మొత్తము కుటుంబ పింఛను పొందు స్త్రీకి గూడ వర్తించును. ఐతే ఆమె పుట్టినతేది పింఛను ఉత్తరువులో నుండవలెను. మన పెద్దలలో ననేకమంది స్త్రీలకు పుట్టినతేది యేది? 'గోదావరికి పెద్ద వఱద వచ్చిన యేడు' అని చెప్పుదురు. వఱదను ఖజానావా రొప్పుకొనరు. భర్త పింఛను కాగితములు సిద్ధపఱచు దినముననే భార్య పుట్టినతేది సైతము ఒక ఆధారముతో నెక్కింపవలెనని సంఘము వారు ప్రతి క్రొత్త సభ్యునికిని చెప్పుచున్నారు.

మఱియొక భయమును గూడ వారు తీర్చుచున్నారు. ఉద్యోగవిరమణనాడు పింఛనులో నూటికి 40 వంతులవఱకు ముందుగానే ఏకమొత్తముగా తీసికొనవచ్చును, కమ్యుటేషను అందురు. కూతురి పెండ్లికో ఇంటి కప్పునకో ఆ ధనము పోవును. తీసికొన్న భాగము నెలనెలయు పింఛనులో తగ్గును, 15 ఏండ్లకు మరల కలియును. భర్త నడుమనే గతించిన ఆ బాకీ తన మెడకు చుట్టుకొనునేమో యని భార్యలు దిగులుపడుదురు. అట్లు కాదు. కుటుంబ పింఛనుకును ఆ కోతకును సంబంధము లేదు. ఈ యొక్క మాట తెలిసినచో ఎన్ని రాత్రుల నిద్ర మిగులునో గదా!

పింఛను ప్రభువుల దయాధర్మమను భావము మనలో నింకను బోలేదు. పాతతరపు పంతుళ్లు సైతము 'సర్కారు పెట్టు మెతుకులు' అని యందురు. 1971 లో బీహారు విద్యాశాఖ ఉద్యోగి యొకని వ్యాజ్యమున సుప్రీముకోర్టు పింఛను అనుగ్రహము కాదనియు, పొందువాని యాస్తియే యనియు తీర్పు చెప్పెను. ఆ పిమ్మట నాకారా యను విశ్రాంతోద్యోగి తెచ్చిన వ్యాజ్యము మఱింత ప్రసిద్ధము. 1979 మార్చి 31 నాటినుండి విరమించినవారికే క్రొత్త పింఛను లెక్క వర్తించునని ప్రభుత్వము గీత గీసియుండెను. ముందురోజు విరమించిన వానికిని మఱుసటిరోజు విరమించిన వానికిని ఆకలిలో భేదమేమని ప్రశ్న. 1982 డిసెంబరు 17 న అయిదుగురు న్యాయమూర్తుల పీఠము ఆ గీతను చెఱిపివేసెను. వారిలో మన తెలుగువాడైన ఓ. చిన్నపరెడ్డిగా రొకరు. అందుచే ఆ దినమును పింఛనుదారుల దినముగా ఏటేట జరుపుకొందురు. శాలువలు కప్పుట, ఉపన్యాసములు, పులిహోర. కాని కార్యదర్శి ఏటేట తప్పక ఆ తీర్పు కథను చెప్పును. విననివా రెవరును లేకున్నను చెప్పునట.

శాలువల మాట వచ్చినది గావున నొక ముచ్చట. ఎనుబది దాటిన సభ్యులకు సహస్రపూర్ణచంద్రదర్శన మహోత్సవమును సంఘమే జరుపును. వేయి పున్నములు చూచుట కెన్ని యేండ్లు పట్టునని ఒక పండితునికిని లెక్కల మాస్టరునకును వాదము కలిగెనట. ఏడాదికి పండ్రెండు పున్నములైన ఎనుబదిమూడేండ్లు దాటవలె నని పండితుడు. అధికమాసముల మాట యేమని మాస్టరు. ఏడాదికి సుమారు 12.37 పున్నములు వచ్చును గావున, 80 ఏండ్ల 10 నెలలకు వేయి నిండునని ఆయన నల్లబల్లమీద తేల్చెను. షష్టిపూర్తికి గూడ నిట్టి చిక్కే వచ్చినది. పూర్వము ఏబదియెనిమిదికి విరమించి అఱువదికి షష్టిపూర్తి చేసికొనెడివారు. 1983 లో ఏబదియైదుకు దించినప్పుడు ఎందఱో ఒక్కనాటితో ఇల్లు చేరిరి. ఆ నియమము పిదప తొలగింపబడెను. ఇప్పుడు తెలంగాణమున అఱువదియొకటి, ఆంధ్రప్రదేశమున 2022 జనవరినుండి అఱువదిరెండు. షష్టిపూర్తి బట్టలతోనే బడికి పోవు కాలము వచ్చినదని ఒక పంతులమ్మ నవ్వెను.

ఇక పంతులమ్మల మాట. ఆ సభలో నలువదిమందిలో స్త్రీలు ఏడుగురు మాత్రమే. ఉద్యోగములో నుండగా వారి సంఖ్య యంత తక్కువ కాదు. మిగిలినవా రెక్కడ నున్నారని మేమడిగితిమి. 'హైదరాబాదులో నొకరు, బెంగుళూరులో ఇద్దఱు, అమెరికాలో నలుగురు' అని లెక్క చెప్పిరి. మనుమలను పెంచుటకు పోయిరి. కోడలికో కూతురికో ఉద్యోగము. పసిబిడ్డను చూచుటకు అమ్మమ్మగాని నాయనమ్మగాని కావలెను. ముప్పదియేండ్లు పరుల పిల్లలకు అక్షరములు దిద్దించినవారు స్వంత మనుమలను పెంచుట సంతోషమే. ఐనను మగపంతులు విరమించిన సభకు పోవుచున్నాడు, పంతులమ్మ విరమించిన వంటయింటికి పోవుచున్నది. విరమణ యను మాట కిద్దఱి విషయమునను ఒక్క యర్థము లేదు. దీనిని మేము తప్పుగా చెప్పుచున్నా మని యెవరైన ననుకొనిన, తమ యింటిలో విశ్రాంతి గైకొన్న పంతులమ్మ నడిగి చూడవచ్చును.

స్త్రీలు ఉపాధ్యాయినులగుట మన దేశమున తేలికగా జరుగలేదు. 1848 లో పూనాలో బాలికల బడి తెఱచి సావిత్రీబాయి ఫూలే చదువు చెప్పబోయినప్పుడు వీధులలో ఆమె పడిన యవమానములు ప్రసిద్ధములు. మనవైపున 1874 లో ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాల పెట్టిరి. పాఠశాలలు తెఱచినంత మాత్రమున చాలునా? చదువు చెప్పు స్త్రీ యెచ్చటనుండి వచ్చును? ఆ లోటు తీర్చుటకు చెన్నపురిలో సోదరి సుబ్బలక్ష్మి పూనుకొనెను. తాను బాలవితంతువు, 1911 లో పట్టభద్రురాలై, చెన్నపురి సముద్రతీరమున ఐసుహౌసు భవనములో వితంతువులను చేర్చి చదివించి ఉపాధ్యాయినులను జేసెను. 1922 లో వెలసిన లేడీ విల్లింగ్డన్ శిక్షణ కళాశాలకు ప్రధానురాలుగ నుండెను. నాడు మన కోస్తా జిల్లాలును రాయలసీమయు చెన్నరాజధానిలోనివే గదా. తలచెడిన యాడుదానికి పంతులమ్మ పని యొక్కటే మర్యాదగల బ్రతుకుతెరువుగా నుండిన కాలమది. సభకు వచ్చిన ఏడుగురిలో పెద్దావిడ తన మేనత్త యట్టి పంతులమ్మయే యని చెప్పెను. ఆమెకు పింఛను లేదట. బోర్డు బడులలోను ఎయిడెడ్ బడులలోను పనిచేసిన ఆ తరమువారిలో ననేకులకు ప్రావిడెంటు ఫండు తప్ప వేఱేమియు లేదు. అది యైపోయిన దినముననుండి అన్నదమ్ముల యిండ్లలో వంటకు కుదురుకొనిరి.

ఇట్టి దుస్థితినుండియే అమెరికాలో నొక గొప్ప సంఘము పుట్టినది. ఎథెల్ పర్సీ ఆండ్రస్ అను నామె కాలిఫోర్నియాలో ఉన్నతపాఠశాలకు ప్రధానోపాధ్యాయినియైన తొలి స్త్రీ. రోగగ్రస్తురాలైన తల్లిని చూచుకొనుటకై 1944 లో ఉద్యోగము విడిచెను. ఒకనాడు తెలిసిన పంతులమ్మ నొకతెను వెదకికొనుచు పోగా, ఆమె యిల్లు లేక కోళ్లగూటిలో కాపురముండుట చూచెనట. 1947 లో ఆండ్రసమ్మ విశ్రాంతోపాధ్యాయుల జాతీయ సంఘమును స్థాపించెను. వృద్ధులకు వైద్యభీమా యియ్యమని ఎన్నో కంపెనీలు త్రోసివేయగా, పట్టువిడువక 1956 నాటికి ఒక సామూహిక భీమాను సంపాదించెను. పంతుళ్లే కాదు, తక్కిన వృద్ధులును మాకేదియని యడుగగా 1958 లో అందఱికిని మఱియొక సంఘము వెలసెను. అమెరికాలో నేటికి నది మిక్కిలి పెద్ద సంఘములలో నొకటి. కోళ్లగూటి కథ మేము సభలో చెప్పగా పెద్దావిడ కొంతసేపు మాటాడలేదు. 'మా మేనత్తకు గూడు కాదు, పెరటి వసారా' అనెను.

పింఛనుదారు బ్రతికియున్నట్లు ఏటేట ఋజువు చూపవలెను. చూపనిచో పింఛను నిలిచిపోవును. పూర్వము ఖజానాకు స్వయముగా పోయి వరుసలో నిలువవలసివచ్చెడిది. 2014 నవంబరులో కేంద్రమువారు 'జీవన్ ప్రమాణ్' పేర వ్రేలిముద్రతో ఋజువు చూపు పద్ధతి పెట్టిరి. వృద్ధుల వ్రేళ్ల గీతలు అఱిగిపోవును. అంట్లు తోమిన చేతుల మాట చెప్పనక్కఱలేదు. యంత్ర మొప్పుకొనదు. 2021 నుండి ముఖము చూపినను చాలునను పద్ధతి గూడ వచ్చినది. విదేశములో నున్నవారు అచ్చటి మన దౌత్యకార్యాలయమున ధ్రువపత్రము పొందవచ్చును. అమెరికాలో మనుమని నాడించుచున్న నలుగురు పంతులమ్మలకు ఈ సంఘమువారు ముందునెలలోనే జాబులు పంపుచున్నారు. కుటుంబ పింఛను పొందు వితంతువు బ్రతికియున్నా నని మాత్రమే చెప్పిన చాలదు, మరల వివాహమాడలేదని గూడ వ్రాసి యియ్యవలెను. ఎనుబదియేండ్ల ముదుసలి ఒకతె ఆ కాగితము చదివించుకొని, 'నన్నెవరు చేసికొందురో వారినే వ్రాసి యిమ్మనుడు' అనెనట. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించుటకు వీరేశలింగముగారు పడిన పాట్లు తలచినచో, ఆ కాగితముమీది ప్రశ్నకైన నొక చరిత్ర గలదు.

సంఘమువారి తక్కిన పనులు క్లుప్తముగా చెప్పుదుము. పదవతరగతి పరీక్షలకు ముందు రెండు నెలలు సాయంకాలము ఆఱునుండి ఎనిమిదింటివఱకు బీదపిల్లలకు ఉచితముగా పాఠములు చెప్పుదురు. లెక్కలకును ఆంగ్లమునకును గిరాకి యెక్కువ. తెలుగు పండితులు తమకు పిల్లలు చాలలేదని యలుగుదురు. ఆగస్టు 29 న గిడుగు రామమూర్తిగారి జయంతి, సెప్టెంబరు 5 న గురుపూజ. నేత్రదానమునకు సభ్యులచే అంగీకారపత్రములు వ్రాయించుచున్నారు. ఇందు స్త్రీల కెఱుక ముఖ్యము. ఏలన ప్రాణము పోయిన ఆఱుగంటలలోగా కన్నులు తీయవలెను, ఆ సమయమున ఇంటనుండునది వారే. కన్నులు మూసి, తడిదూది యుంచి, తల కొంచె మెత్తుగ నుంచి, విసనకఱ్ఱ యంత్రము నాపివేసి కబురంపవలెను. వ్రాసి యిచ్చినవాని కోరికయైనను ఇంటివా రొప్పుకొననిచో జరుగదు. ఈ సంఘములో వ్రాసి యిచ్చినవారిలో కొందఱి విషయమున అట్లే యైనది. మేమా యింటివారిని తప్పుపట్టము. ముందుగ భార్యతోను కోడలితోను మాటాడక, సభలో చప్పట్లనడుమ సంతకము పెట్టి వచ్చిన పెద్దమనిషిదే లోపము.

మోసములనుగూర్చిన హెచ్చరికకు వారు చాలసేపు తీసికొనిరి, తీసికొనదగినదే. ఖజానా కార్యాలయమునుండి మాటాడుచున్నామని, జీవనప్రమాణము నిలిచిపోయినదని చెప్పి, ఫోనులోని గుప్తసంఖ్య నడిగి బ్యాంకులోని సొమ్ము నపహరించువారు ప్రబలిరి. పోలీసులమని బెదరించి, గదిలో కూర్చుండబెట్టి, 'డిజిటల్ అరెస్టు' అను పేర దోచుకొనుటయు గలదు. అట్టి అరెస్టు చట్టములో నెచ్చటను లేదు. విరమణనాడు ఏకమొత్తముగా ధనము చేతికి వచ్చు పంతుళ్లపై ఇట్టివారి కన్ను. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఒక చరిత్ర మాస్టరుగారు తన ధనములో చాలభాగము పోగొట్టుకొని నెలలకొలది సభకు రాలేదట. సిగ్గు. తోడివారు ఇంటికి బోయి తీసికొనివచ్చిరి. ఇప్పుడు హెచ్చరికోపన్యాసము ఆయనయే చేయుచున్నాడు. ఆయన చెప్పుటలో ఉపన్యాసము తక్కువ, వివరము హెచ్చు: ఎన్నిగంటలకు ఫోను వచ్చినది, ఏమనిరి, తాను ఏమనుకొనెను. అందఱును నిశ్శబ్దముగా వినిరి.

ఆస్తి విషయమున నొకమాట చెప్పుట మాకు తప్పదు. పిల్లల మీది ప్రేమచే ఇల్లు వ్రాసియిచ్చి, పిదప ఆ యింటనే పరాయివారైన తల్లిదండ్రులు గలరు. 2007 లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకై చట్టము వచ్చినది. మన రాష్ట్రములలో రెవెన్యూ డివిజను అధికారి యెదుట వకీలు లేకయే మొఱ పెట్టుకొనవచ్చును. నెలకు పదివేల రూపాయలవఱకు మనోవర్తి విధింపవచ్చును. చూచుకొనవలెనను షరతుతో వ్రాసిన దానదస్తావేజు, చూచుకొననిచో రద్దగును. ఆ షరతు దస్తావేజులో స్పష్టముగ వ్రాయించుట మేలు. 'కన్నకొడుకునకు షరతా?' అని తల్లులే యడ్డు తగులుదురట. సంఘములో దీనిపై రెండభిప్రాయములు గలవు. మా యభిప్రాయము షరతు పక్షముననే. కొడుకు మంచివాడైన షరతువలన వానికి నష్టమేమి?

సభ ముగియుచుండగా వెనుకవరుసనుండి ఇంకను తల నెఱయని యొకడు లేచెను. ఆయన ఆ నెలలోనే విరమించినవాడు. 2004 సెప్టెంబరు 1 నాటినుండి ఉద్యోగములో చేరినవారికి పాతపద్ధతి పింఛను లేదు. జీతములో నూటికి 10 వంతులు తాము, అంతే మొత్తము ప్రభుత్వము చెల్లించుచు వచ్చిన నిధియే వారి కాధారము. అది వ్యాపారపు హెచ్చుతగ్గులను బట్టి పెరుగును, తఱుగును. విరమణనాడు దానిలో కనీసము నూటికి 40 వంతులతో జీవితకాలపు భృతిని కొనవలెను. దానికి కరువు భృతి లేదు. ఆయన నలువది దాటినపిమ్మట ఉద్యోగము దొరకినవాడు. నెలకు చేతికి రాబోవు మొత్తము చెప్పెను. చెప్పిన యంకె యింటి యద్దెకు సరిపోవును. పాతపింఛను పొందువారు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. ఆయనకు సభ్యత్వపు రుసుము మాఫీ చేయవలెనని ఒకరు ప్రతిపాదించిరి. ఆయన వలదనెను. పది యేండ్లలో ఈ గదిలో నాబోటివారే యెక్కువగా నుందురు, అప్పుడు రుసుము లెవరు కట్టుదురని యడిగెను. అధ్యక్షుడు దానికి సమాధానము చెప్పలేదు. ఆయన వివరములను పుస్తకమున వ్రాయించి, తన ప్రక్కకుర్చీ చూపెను.

మేము వచ్చినందున గావచ్చును, ఆనాడు ఏడుగురు పంతులమ్మలును ఒక తీర్మానము తెచ్చిరి. జనవరి 3 సావిత్రీబాయి జయంతి. తెలంగాణ ప్రభుత్వము 2025 లో దానిని మహిళా ఉపాధ్యాయుల దినముగా ప్రకటించినది. ఆనాడు మధ్యాహ్నము రెండుగంటలకు, వంటపని ముగిసినవేళ, స్త్రీలకు మాత్రమే సభ జరుపవలెను. విరమించిన పంతులమ్మలే గాక పంతుళ్ల భార్యలును రావలెను. ఉపన్యాసములు వలదు. పింఛను ఉత్తరువు, బ్యాంకు పుస్తకము, ఆధారు కార్డు తెచ్చి బల్లమీద పెట్టిన, పేరును పుట్టినతేదియు మూడింటిలో నొక్కటిగా నున్నవో లేవో ఏడుగురును చూచిపెట్టుదురు. తప్పున్నచో సవరణ యర్జీ అచ్చటనే వ్రాసియిత్తురు. తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గెను. మగసభ్యులు తమకేమి పనియని యడుగగా, ఆ రెండుగంటలసేపు మనుమలను చూచుచుండుడని పెద్దావిడ చెప్పెను. ప్రకటన కాగితములో చివరిపంక్తి యామెయే వ్రాయించినది: 'కళ్లజోళ్లు మఱవక తెచ్చుకొనవలెను.'